అట్టపెట్టెలో వచ్చే మడ్‌గార్డు

ఈమధ్య మడ్‌గార్డులు అట్టపెట్టెల్లో వస్తున్నాయి. నల్లటి ప్రైమర్ కొట్టి, మూలలకి థర్మోకోల్ పెట్టి, పైన బుడగల కవరు చుట్టి ఎక్కడి నుంచో పార్సిల్‌లో దిగుతాయి. బండి యజమాని పెట్టె విప్పి, "మేస్త్రిగారూ, అచ్చం కంపెనీదానిలాగే ఉంది కదండీ!" అంటాడు. ఉంటుంది. బల్ల మీద పెట్టి చూస్తే కంపెనీదానిలాగే ఉంటుంది. కానీ మడ్‌గార్డు చేసింది బల్ల మీద పెట్టుకోడానికి కాదు. దాన్ని బండికి ఎక్కించి, ఒక పక్క డోరుకీ ఇంకో పక్క బానెట్‌కీ మధ్య నిలబెట్టినప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

విజయవాడ ఆటోనగర్‌లో రేకుపని నేర్చుకుని, ఆ షెడ్లలోనే తల నెరిసినవాణ్ణి నేను. అంబాసిడర్లూ ఫియట్లూ టాక్సీలుగా తిరిగే రోజుల్లో వాటికి సొట్టలు తీశాను. ఇప్పుడు అవే బండ్లని పిల్లలు ముద్దుగా పాకల్లోంచి, పశువుల కొట్టాల్లోంచి బయటికి లాగి, కొత్తగా చేయించమని తెస్తున్నారు. తేవడం మంచిదే. తాతగారి కారని, నాన్నగారు పెళ్లికి ఊరేగిన కారని ప్రేమతో తెస్తున్నారు. నా గొడవ వాళ్ల ప్రేమతో కాదు. తుప్పు కనబడగానే ఫోన్ తీసి కొత్త రేకుకి ఆర్డరు పెట్టేసి, ఆ రేకు వచ్చేలోపే పాత రేకు కోసి అవతల పారేయించే తొందరతో.

మా రోజుల్లో రేకు మార్చడమనేది ఆఖరి మాట. ముందు చూసేది, ఉన్నదాంట్లో ఎంత బతికి ఉందని. సుత్తి పిడితో అంగుళం అంగుళం తడుతూ పోయేవాళ్లం. గట్టి రేకు కణకణమంటుంది. లోపల తుప్పు తిన్నది మొద్దుగా, మట్టికుండ బీటిచ్చినట్టు పలుకుతుంది. ఆ శబ్దం మారిన చోట సుద్దముక్కతో గీత గీసేవాళ్లం. గీత లోపలిది మాత్రమే కోత. దాని వెలుపల వేలెడు మంచి రేకు పోయినా మా మేస్త్రిగారు ఊరుకునేవారు కాదు. "ఒరేయ్, అది ఇంగ్లాండు అచ్చులో నొక్కిన రేకురా, నువ్వు మళ్లీ పుట్టించగలవా?" అని గదమాయించేవారు.

ఆయన అన్నమాట నిజమే. అంబాసిడరంటే మనదే అనుకుంటాం గానీ ఆ ఒళ్లు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ది. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి, 2014 దాకా అదే ఒళ్లుతో బండి చేశారు. మార్కు రెండు, మూడు, నాలుగు అంటూ గ్రిల్లు మారింది, డాష్‌బోర్డు మారింది, చివరికి ఇంజినూ మారింది. ఆ గుండ్రటి భుజాలు మాత్రం మారలేదు. అందుకే ఇంగ్లాండు, అమెరికా వాళ్లకి ఎప్పుడో వచ్చిన ఈ రేకుల తగువు మనకి ఆలస్యంగా వచ్చింది. వాళ్ల బండ్ల తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది కాబట్టి నకలు రేకులు చేసుకోక తప్పలేదు. మనకి మొన్నమొన్నటిదాకా కంపెనీ రేకు దొరికింది. కొత్తది కాకపోతే పాతది. మద్రాసు పుదుపేటలోనో, కలకత్తా మల్లిక్ బజార్‌లోనో విప్పేసిన బండి మీది మడ్‌గార్డు సొట్టలతోనైనా దొరికేది. ఆ సొట్ట మడ్‌గార్డుని లారీ మీద తెప్పించుకుని, సుత్తీ, రేకు కింద ఆనించే డాలీ దిమ్మే పట్టుకుని కూర్చుంటే అది మళ్లీ నిలబడేది. ఎందుకంటే దాని పుట్టుక సరైన అచ్చులో జరిగింది.

పెట్టెలో వచ్చే ముక్కతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది కంపెనీ అచ్చులో నొక్కింది కాదు. ఒక పాత మడ్‌గార్డుని ముందు పెట్టుకుని, దాన్ని చూసి అచ్చు చేస్తారు. ఆ ముందు పెట్టుకున్నది ఎన్నిసార్లు గుద్దుకుని ఎన్నిసార్లు సరిచేయించుకుందో ఎవరికి తెలుసు? దాని తప్పులన్నీ కొత్త అచ్చులోకి దిగుతాయి. పైగా రేకు నొక్కినప్పుడు అచ్చు వదలగానే కాస్త వెనక్కి తన్నుతుంది. పెద్ద కంపెనీలు ఆ తన్నుడుని లెక్కగట్టి అచ్చులోనే ఆ మేరకు ఎక్కువ వంపు పెడతాయి, బలమైన ప్రెస్సుల కింద రెండు మూడు దెబ్బల్లో రూపం తెస్తాయి. చిన్న ప్రెస్సు మీద ఒక్క దెబ్బతో తీసిన రేకులో వంపు చప్పబడిపోతుంది. అంబాసిడర్ హెడ్‌లైట్ మీది నుంచి వెనక్కి పారే ఆ ఉబ్బు చూడండి. అది తిన్నగా పోయే గీత కాదు. ముందు లేస్తుంది, మధ్యలో నిండుగా ఉంటుంది, డోరు దగ్గరికొచ్చేసరికి నెమ్మదిగా దిగి డోరు ఉబ్బులో కలుస్తుంది. నకలు రేకులో ఆ నిండుదనం పావు అంగుళం తగ్గినా చాలు, బండి మొహం చిక్కిపోతుంది. మామూలు వాళ్లకి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఎక్కడో చెప్పలేరు. మాకు దూరం నుంచే కనబడుతుంది.

మందం సంగతి వేరే ఉంది. 18 గేజి అంటే 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి అంటే దాదాపు 0.9, 22 అంటే ఇంకా పల్చన. చేతికి బరువు తెలియకుండా వచ్చే రేకుని నేను బొటనవేలితో నొక్కి చూస్తాను. లోపలికి పోయి టక్కున బయటికొస్తే దానికి వంపులో బలం లేదని అర్థం. ఎండాకాలం బెజవాడ ఎండకి అలాంటి రేకు పొంగుతుంది, పైన వేసిన పెయింటు అలలు పోతుంది. బోల్టు రంధ్రాలు ఒకదానికొకటి ఎదురుపడవు. అంచు మడత మందంగా ఉంటుంది. నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టిన చిన్న చిల్లులు చాలా నకలు రేకుల్లో ఉండనే ఉండవు. అవి ఎందుకున్నాయో చేసినవాడికి తెలియదు కాబట్టి వదిలేశాడు. ఐదు వానాకాలాలు గడిస్తే మళ్లీ తుప్పు, అదే చోట.

కంపెనీ రేకు దేవుడిచ్చిందని నేను అనను. అచ్చు కూడా అరుగుతుంది, లక్షలసార్లు నొక్కితే గీతలు మొద్దుబారతాయి. గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడున్న కొత్త కంపెనీ ముక్కలు అంచుల దగ్గర తుప్పెక్కి, ఒకదాని మీద ఒకటి పేర్చినందువల్ల వంకరపోయి వచ్చినవి చూశాను. అసలు ఫ్యాక్టరీలో కూడా రేకు దానంతటది అమరేది కాదు. లైను చివర మనుషులుండేవాళ్లు, చెక్క దిమ్మె అడ్డం పెట్టి డోరు వంచేవాళ్లు, బందుల కింద రేకు ముక్కలు దోపేవాళ్లు, అతుకుల మీద సీసం పోసి ఆకురాయితో దిద్దేవాళ్లు. అలా ఆ బండికి ఆ డోరు అలవాటైంది. అందుకే ఒక అంబాసిడర్ డోరు తీసి ఇంకో అంబాసిడర్‌కి పెట్టినా సరిగా కూర్చోదు. రెండూ కంపెనీవే అయినా సరే. ఏ రేకైనా ఆ బండికి ఒదిగించాల్సిందే. కంపెనీదైతే ఒక పూట పని, నకలుదైతే వారం పని. ఇప్పటివాళ్లు ఆ వారం ఇవ్వరు. వారం ఇవ్వకపోగా, బండినే రేకుకి ఒదిగిస్తారు.

నన్ను అన్నిటికన్నా మండించేది ఇదే. మడ్‌గార్డు డోరుకి తగులుతోందనుకోండి. తప్పు మడ్‌గార్డుది. దాని అంచు విప్పి, కాస్తంత కోసి, మళ్లీ మడిచి అతకాలి. అది కష్టం. గ్రైండరు పట్టుకుని డోరు అంచు అరగదీయడం తేలిక. అరవై ఏళ్లు నిలబడిన డోరు అంచుని నిన్న పెట్టెలో వచ్చిన రేకు కోసం అరగదీస్తారు! నా కళ్ల ముందే ఒక కుర్రాడు చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "మేస్త్రీ, ఎలాగూ లప్పం పెడతాం కదా" అన్నాడు. లప్పం చర్మం మీద పౌడరు అద్దినంత ఉండాలి. మూడు మిల్లీమీటర్లు దాటితే అది మన ఎండకీ, మన రోడ్ల కుదుపుకీ పగుళ్లు తీస్తుంది. డోరు దబ్బున వేసినప్పుడు పెచ్చుగా ఊడి కింద పడిన లప్పాన్ని చేత్తో ఎత్తి చూశాను, వేలి మందం ఉంది.

పై రేకుల సంగతి ఇలా ఉంటే, కింద రన్నింగ్ బోర్డుల సంగతి ఇంకా ఘోరం. అంబాసిడర్‌కి వేరే ఛాసిస్ లేదు. ఒళ్లే ఎముక. రెండు పక్కలా డోర్ల కింద పారే ఆ పెట్టె ఆకారపు రేకులే బండి నడుము. తుప్పు ముందు పట్టేదీ అక్కడే. దాన్ని మార్చాలంటే మా మేస్త్రిగారి పద్ధతి ఒకటే. బండిని చక్రాల మీద, దాని బరువు దాని మీద ఉండేలా నిలబెట్టాలి. డోరు ఖాళీల్లో అడ్డంగా, ఐమూలగా ఇనప కడ్డీలు వేసి వెల్డింగ్ చేయాలి. డోర్లు ఎంత సందుతో పడుతున్నాయో ముందే కొలిచి గోడ మీద రాసుకోవాలి. అప్పుడు ఒక పక్క కోయాలి. ఆ పక్క పూర్తిగా కట్టి, డోరు వేసి చూసి, గోడ మీది కొలతతో సరిపోయాకే రెండో పక్క ముట్టుకోవాలి.

ఒక డాక్టరుగారి అంబాసిడర్ మా షెడ్డుకి వచ్చింది, ఇంకో చోట పని సగంలో విసుగొచ్చి తెచ్చారు. కొత్త రన్నింగ్ బోర్డులు రెండూ పెట్టెలో తెప్పించారట. ఒకేసారి రెండు పక్కలా కోసి, బండిని ముందూ వెనకా జాకీల మీద లేపి, ఆ కొత్త రేకులు పెట్టి వెల్డింగ్ చేసేశారు. నడుము లేని బండి మధ్యలో కిందికి కుంగింది. కుంగిన స్థితిలోనే కొత్త రేకు దాన్ని బిగించేసింది. ముందు డోరు చూస్తే పైన కాగితం పట్టదు, కింద వేలు దూరుతుంది. డోరుకి అటూ ఇటూ ఉండే స్తంభాలు పైన ఒకదాని వైపు ఒకటి వాలాయి. పైన కొత్త పెయింటు మెరుస్తోంది, లోపల ఒళ్లు వంగిపోయింది. ఆ కొత్త వెల్డింగులన్నీ మళ్లీ విప్పి, నడుము కింద జాకీ పెట్టి కొద్దికొద్దిగా లేపి, డోర్లు సరిపడ్డాక మళ్లీ కట్టాం. చివరికి ఆ పెట్టె రేకులు కూడా పనికిరాలేదు, మంచి రేకు కొని షెడ్డులోనే వంచాం. తిన్నటి పెట్టె ఆకారం అది. వంచడానికి ఏం బ్రహ్మవిద్య కావాలి? మొదటే ఆ పని చేసుంటే డాక్టరుగారి డబ్బూ మిగిలేది, బండీ కుంగేది కాదు.

ఫ్లోరుకి నకలు రేకు తెచ్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. కార్పెట్ కింద ఉండేదాని వంపు ఎవరూ చూడరు, గట్టిగా ఉంటే చాలు. జీపుకైతే మొత్తం తొట్టే కొత్తది తెచ్చుకోండి. ఆ బండి పుట్టిందే చదునైన రేకులతో, మిలిటరీవాళ్లు రోడ్డు పక్కన బాగుచేసుకోడానికి వీలుగా. హర్యానాలో మండీ దబ్వాలీ అనే ఊరు జీపు బాడీలకే పేరుపడింది. గుండ్రటి రేకు వేరు.

ఫియట్ తీసుకోండి. ప్రీమియర్ పద్మినీ ఫియటే, దాని వెనక మడ్‌గార్డుల మీద చిన్న రెక్కలు లేస్తాయి చూడండి, ఆ అంచు కత్తిలా ఉండాలి. నకలు ముక్కలో అది మొద్దుబారి, నలిగిన మడతలా ఉంటుంది. ఇక ఫియట్ అంటే అన్నీ ఒకటేననుకుని కొనేవాళ్లున్నారు. 1964లో డిలైట్ అనే మోడల్ వచ్చేదాకా ఇక్కడి ఫియట్లకి ముందు డోర్లు వెనక వైపు బందులతో, ఎదురుగా తెరుచుకునేవి. తర్వాతవి అలా కాదు. స్తంభం వేరు, డోరు వేరు. అమ్మేవాడు 'ఫియట్ 1100కి' అని రాసి పంపేస్తాడు, కొన్నవాడు నా దగ్గరికి తెచ్చి ఎందుకు పట్టడం లేదంటాడు.

మద్రాసులో చేసిన స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం ఓర్పున్నవాడికి వరం. దానికి వేరే ఛాసిస్ ఉంది, ఒళ్లు ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగుస్తుంది, ముందు భాగం మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకి ఎత్తుకుంటుంది. ఒళ్లుకీ ఛాసిస్‌కీ మధ్య వాషర్లు పెంచీ తగ్గించీ సందులన్నీ సమం చేయొచ్చు. అది తెలియనివాళ్లు ఆ భారీ బానెట్‌నే వంచుతారు.

ఇంగ్లాండులో ఒక మంచి పని చేశారు, అది చెప్పుకోవాలి. ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారుకి పాత అచ్చులన్నీ వెతికి పట్టుకుని, 1988 నుంచి మొత్తం ఒళ్లునే మళ్లీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అని, ఆ పనికోసమే నడిచే సంస్థ. అచ్చు పాతదే, రేకు కొత్తది. అలాంటి రేకుని నేను రెండు చేతులా అందుకుంటాను. మన దగ్గర యాభై ఏళ్లకి పైగా ఒకే అచ్చుతో బండ్లు చేసి, ఆ అచ్చులతో పాత బండ్లవాళ్ల కోసం ఏడాదికి ఒక్కసారైనా నాలుగు మడ్‌గార్డులు నొక్కించే ఏర్పాటు ఎవరూ చేయలేదు. అలా చేసుంటే ఈ పెట్టెల వ్యాపారానికి చోటుండేది కాదు.

పాతకాలపు పనిలో అన్నీ మంచివే అని చెప్పను. సీసం, తగరం కలిపిన కడ్డీ కరిగించి, నూనె రాసిన చెక్కతో దిద్దేవారు మా మేస్త్రిగారు. ఆ పని అందం ఇప్పుడెక్కడా లేదు. కానీ ఆ పొగ ప్రాణానికి మంచిది కాదు, అది పోయినందుకు నాకు బాధ లేదు. పోకూడనిది గ్యాస్ వెల్డింగ్. ఇప్పుడు ఏ షెడ్డు చూసినా సీఓటూ వెల్డింగ్ మిషనే. వేగం ఎక్కువ, వేడి తక్కువ, రేకు అంతగా వంకరపోదు, ఒప్పుకుంటాను. అయితే దాని అతుకు గట్టిగా, పెళుసుగా ఉంటుంది. సుత్తి దెబ్బకి లొంగదు, అరగదీయడమే దారి. అరగదీస్తే పక్క రేకు పల్చబడుతుంది. గ్యాస్‌తో అతికిన అతుకు మెత్తగా ఉంటుంది. వేడి మీదే కింద డాలీ పెట్టి పైన సుత్తితో సాగదీస్తే పాత రేకులో కలిసిపోతుంది. ఎక్కడైనా రేకు సాగి ఉబ్బితే రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా కాల్చి, నాలుగు దెబ్బలేసి, తడిగుడ్డ వేస్తే ముడుచుకుంటుంది. ఇది చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. నేర్చుకునే కుర్రాళ్లు లేరా అంటే ఉన్నారు, చురుకైనవాళ్లే ఉన్నారు. వాళ్లకి ఆ ఏళ్ల కూలి ఇచ్చేవాళ్లు లేరు. పెట్టె రేకుకి ఇరవై వేలు మారుమాట్లాడకుండా కట్టే మనిషి, పాత రేకు నిలబెట్టడానికి పది రోజుల మజూరీ అడిగితే బేరం మొదలుపెడతాడు.

యజమానులకి ఇంకో మాట చెప్తున్నాను, ఎందుకంటే ఇది ఇప్పుడు కాగితాల దాకా వచ్చింది. కేంద్రం 2021లో పాత వాహనాల రిజిస్ట్రేషన్‌కి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండిని వాటి కింద కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్తగా చేయించుకోవాలంటే ఇరవై వేల రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదు వేలు కట్టి పొడిగించుకోవాలి. అందులో షరతు ఒకటుంది. బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌కీ బాడీ షెల్‌కీ ఇంజిన్‌కీ మార్పులు చేసే పెద్ద ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదు. నడుమూ స్తంభాలూ భుజాలూ అన్నీ కోసి పారేసి, పెట్టెల్లోంచి తీసినవి అతికించాక 'మొదటి రూపం' అని ఏ ముఖంతో చెప్తాం? పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా తన ట్యూరిన్ చార్టర్‌లో ముందు కాపాడుకోమనే చెప్తోంది, మార్చక తప్పని చోట ఏం మార్చారో రాసిపెట్టుకోమంటోంది. మేం గోడ మీద సుద్దతో రాసుకున్న పద్ధతే అది.

అందుకని, బండి నా షెడ్డుకి తెచ్చేవాళ్లకి నేను పెట్టే షరతు ఒకటే. కొత్త రేకు కొనే ముందు పాత రేకు నాకు చూపించాలి, కోసింది నేను చెప్పేదాకా ఎవరికీ అమ్మకూడదు. ఎంత చిల్లులు పడ్డా సరే, దాని అంచూ, దాని వంపూ, బోల్టు రంధ్రాల దూరాలూ దాంట్లోనే ఉన్నాయి. కార్డ్‌బోర్డు ముక్క దాని మీద ఆనించి వంపు గీసుకుంటాం, ఆ గీత మీద కొత్త రేకుని సరిచూస్తాం. పోయినేడు కాకినాడ నుంచి ఒకాయన ఫియట్ తెచ్చారు, ఉప్పుగాలికి ముందు మడ్‌గార్డు జల్లెడైంది. పాతది ఏదండీ అంటే, తూకానికి ఇచ్చేశాం అన్నారు. కిలో లెక్కన. ఎడమ పక్కది మిగిలుంది కాబట్టి దాన్ని తిరగేసి కొలతలు తీసుకుని కుడి పక్కది దిద్దుతున్నాం. రెండూ పోయుంటే ఆ బండి మొహం ఎలా ఉండేదో చెప్పడానికి మా దగ్గర ఆధారమే ఉండేది కాదు. తెచ్చేటప్పుడు తుప్పుముక్కలన్నీ గోనెసంచిలో వేసుకుని తీసుకురండి.